పైథాన్ మొదలుపెట్టేవారికి: పేరు, విలువ, నడుమ ఒక సమానం గుర్తు

అమీర్‌పేటలో మెట్రో దిగి మైత్రీవనం వైపు నడిచేవారికి పైథాన్ (కంప్యూటరుకు పనులు చెప్పే ఒక ప్రోగ్రామింగ్ భాష) అన్న మాట బోర్డుల మీదో, చేతిలో పెట్టే కరపత్రాల మీదో కనిపించకుండా ఉండదు. ఆ మాటకు ముందో వెనకో డేటా సైన్స్ అనో, ఫుల్ స్టాక్ అనో, ఈ మధ్య ఏఐ అనో మరొక మాట తగిలించి ఉంటుంది. కోర్సుల్లో చేరేవారందరూ కంప్యూటర్ సైన్స్ చదివినవారు కారు. బీకాం పూర్తిచేసి ట్యాలీ నేర్చుకున్నవారు, మెకానికల్ ఇంజినీరింగ్ చదివి ఆ రంగంలో ఉద్యోగం దొరకక ఇటు తిరిగినవారు, పిల్లలు బడికి వెళ్లే వయసు వచ్చాక మళ్లీ ఉద్యోగం వెతుక్కుంటున్న గృహిణులు కూడా వారిలో ఉంటారు. ఎస్.ఆర్.నగర్ హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్న అలాంటి కొందరితో సాయంత్రాలు కూర్చుని వారు రాసిన ప్రోగ్రాములు చూడడం నాకు కొంతకాలంగా అలవాటు. వారి సందేహాలు పైకి లూపుల (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించేవి) దగ్గరో, ఫంక్షన్ల (ఒక పనికి పేరు పెట్టి దాచుకునేవి) దగ్గరో పుట్టినట్టు కనిపిస్తాయి కానీ, తవ్వి చూస్తే చాలావాటికి మూలం మొదటి పాఠంలోనే దొరుకుతుంది. ఒక పేరుకు ఒక విలువను ఇచ్చినప్పుడు పైథాన్ నిజంగా ఏం చేస్తుందన్న సంగతి మనసులో స్థిరపడకముందే పాఠం ముందుకు సాగిపోయి ఉంటుంది. ఈ వ్యాసం ఆ సంగతి చుట్టూనే తిరుగుతుంది. తక్కిన మౌలికాంశాలు దాని వెంట వస్తాయి.

ముందుగా రాత గురించి ఒక మాట. పైథాన్ 3లో విలువలను పిలుచుకునే వేరియబుళ్లకూ, ఫంక్షన్లకూ పేర్లు తెలుగు అక్షరాల్లో పెట్టుకోవచ్చు. కాబట్టి ఈ కింద ధర, మొత్తం, కప్పులు అని కనిపించే పేర్లను అలాగే టైపు చేసినా పైథాన్ కాదనదు. ఇఫ్, ఫర్, డెఫ్, రిటర్న్ వంటి కీవర్డులను (భాషలోనే భాగమైన మాటలను), ప్రింట్, ఇన్‌పుట్, ఇంట్ వంటి అంతర్నిర్మిత ఫంక్షన్లను మాత్రం ఇక్కడ చదువుకోవడానికి వీలుగా తెలుగు లిపిలో రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు వాటిని ఇంగ్లీషు చిన్నబడి అక్షరాల్లోనే ఇవ్వాలి. ఉద్యోగంలో చేరాక పేర్లన్నీ ఇంగ్లీషులోనే పెట్టమంటారు, అది న్యాయమే, ఎందుకంటే ఆ ప్రోగ్రామును చదివేవారు ఎక్కడివారైనా కావచ్చు. నేర్చుకునే దశలో తెలుగు పేర్లకు ఒక ప్రయోజనం ఉంది. వరుసను చూడగానే ఏది మనం పెట్టిన పేరో, ఏది పైథాన్‌కు ముందే తెలిసిన మాటో కంటికి విడివిడిగా కనిపిస్తుంది. ఇంగ్లీషులో రాసిన ప్రోగ్రాము మొదటిసారి చూసేవారికి ఈ తేడాయే అంతుపట్టదు.

ఇన్‌స్టాల్ చేసుకోవడం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. పైథాన్ డాట్ ఆర్గ్ నుంచి తాజా వెర్షన్ దించుకోవాలి. విండోస్‌లో ఇన్‌స్టాలర్ (విడిగా దించుకునే పాత తరహాది అయితే) మొదటి తెర అడుగున పైథాన్‌ను పాత్‌లో చేర్చమనే గడి ఒకటి ఉంటుంది (పాత్ అంటే కమాండ్ పేరు కొట్టినప్పుడు కంప్యూటరు దాన్ని వెతికే చోట్ల జాబితా), దానికి టిక్కు పెట్టాలి. అది పెట్టకపోతే కమాండ్ ప్రాంప్ట్‌లో పైథాన్ అని కొట్టినప్పుడు అలాంటిదేదీ లేదనే జవాబు రావచ్చు. దాంతోపాటే వచ్చే ఐడిల్ అనే చిన్న ఎడిటరు మొదటి నెలకు పూర్తిగా సరిపోతుంది. సొంత ల్యాప్‌టాప్ లేనివారు గూగుల్ కోల్యాబ్‌ను బ్రౌజరులోనే వాడుకోవచ్చు.

ఇక్కడే వెర్షన్ల సంగతి కూడా తెలుసుకోవాలి. గైడో వాన్ రోసమ్ 1989 డిసెంబరులో క్రిస్మస్ సెలవుల్లో, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధన సంస్థలో పనిచేస్తున్న రోజుల్లో, ఈ భాషను రాయడం మొదలుపెట్టారు. 1991 ఫిబ్రవరిలో అది బయటికి వచ్చింది. 2008 డిసెంబరులో వచ్చిన పైథాన్ 3 పాత ప్రోగ్రాములతో పూర్తిగా పొసగని మార్పులు తెచ్చింది, 2020 జనవరి 1తో పైథాన్ 2కు మద్దతు ఆగిపోయింది. ఈ చరిత్ర పరీక్షలో అడుగుతారని చెప్పడం లేదు. జిరాక్స్ షాపుల్లో చేతులు మారే పాత నోట్సులో ప్రింట్ అన్న మాట పక్కన బ్రాకెట్లు లేకుండా రాసిన ప్రోగ్రాములు ఇప్పటికీ కనిపిస్తాయి. అవి పైథాన్ 2 నాటివి, ఇవాళ నడవవు. నడవకపోవడం ఒక రకంగా మేలు. అంతకంటే ప్రమాదం భాగహారం. 7 / 2 అంటే పైథాన్ 2 ఇచ్చే జవాబు 3, పైథాన్ 3 ఇచ్చే జవాబు 3.5. పాత నోట్సులోని జవాబు చూసి తన కంప్యూటరే తప్పు చూపిస్తోందని దిగులుపడినవారిని చూశాను.

ఇక అసలు విషయం. ఇరానీ హోటల్లో కప్పు చాయ్ 20 రూపాయలు అనుకుందాం.

ధర = 20
కప్పులు = 3
మొత్తం = ధర * కప్పులు

బడిలో చదివిన లెక్కల్లో సమానం గుర్తు రెండు వైపులా ఉన్నవి ఒకటేనని చెబుతుంది. పైథాన్‌లో అది చెప్పడం కాదు, చేయడం. ముందు కుడివైపు ఉన్నదాన్ని పూర్తిగా లెక్కగట్టి ఒక విలువను తయారుచేస్తుంది, ఆ తరువాత ఎడమవైపు ఉన్న పేరును ఆ విలువకు తగిలిస్తుంది. అందుకే ధర = ధర + 5 అన్న వరుస లెక్కల మాస్టారికి అసంబద్ధంగా కనిపించినా పైథాన్‌కు మామూలే. కుడివైపు పాత ధర 20కి 5 కలిపితే 25 వచ్చింది, ధర అన్న పేరు ఇప్పుడు 20ని వదిలి 25కు తగులుకుంది. రెండు విలువలు సమానమా అని అడగాలంటే సమానం గుర్తు రెండుసార్లు రాయాలి. జవాబు ట్రూ అనో, ఫాల్స్ అనో వస్తుంది.

ఇప్పుడు ఒక ప్రశ్న. పై మూడు వరుసల తరువాత ధర = 25 అని రాస్తే, మొత్తం విలువ ఎంత? ఎక్సెల్ అలవాటున్న బీకాం విద్యార్థులు తడుముకోకుండా 75 అంటారు. ఎక్సెల్‌లో అది నిజమే, ఒక గడిలో అంకె మారితే దాని మీద ఆధారపడిన ఫార్ములా తనంతట తాను మారుతుంది. పైథాన్‌లో మొత్తం 60గానే ఉంటుంది. మొత్తం అన్న పేరుకు ఫార్ములా తగులుకోలేదు, ఆ ఫార్ములాను లెక్కగట్టగా ఆ క్షణంలో వచ్చిన 60 తగులుకుంది. ఆ 60కి తాను ఏ ధర నుంచి పుట్టిందో తెలియదు. కొత్త మొత్తం కావాలంటే మూడో వరుసను మళ్లీ నడిపించాలి. ప్రోగ్రాము పై నుంచి కిందికి ఒక్కొక్క వరుసగా నడుస్తుందన్న మాటకు అసలు అర్థం ఇదే.

విలువలన్నీ ఒక జాతివి కావు. 20 పూర్ణాంకం, దాని రకం ఇంట్. 20.0 దశాంశ సంఖ్య, దాని రకం ఫ్లోట్. "20" కొటేషన్లలో ఉన్న అక్షరాల వరుస, దాని రకం స్ట్రింగ్. ఏ రకమన్న సమాచారం విలువకు చెందుతుంది, పేరుకు కాదు. ఒకే పేరును పొద్దున సంఖ్యకూ సాయంత్రం స్ట్రింగ్‌కూ తగిలించినా పైథాన్ అభ్యంతరం చెప్పదు. జావా చదివి వచ్చినవారికి ఇది విడ్డూరంగా తోస్తుంది. ఈ స్వేచ్ఛకు చెల్లించాల్సిన మూల్యం మొదటిసారి కీబోర్డు నుంచి సంఖ్యను తీసుకున్నప్పుడు బయటపడుతుంది.

కప్పులు = ఇన్‌పుట్("ఎన్ని కప్పులు? ")
మొత్తం = 20 * కప్పులు
ప్రింట్(మొత్తం)

దీన్ని నడిపి 3 అని కొడితే 60 రాదు. తెర మీద మూడు అంకె ఇరవైసార్లు వరుసగా అచ్చవుతుంది. ఇన్‌పుట్ ఎప్పుడూ స్ట్రింగ్‌నే తిరిగి ఇస్తుంది, మనం కొట్టింది అంకె అయినా సరే. స్ట్రింగ్‌ను సంఖ్యతో గుణిస్తే దాన్ని అన్నిసార్లు పక్కపక్కన పేర్చాలన్నది పైథాన్ నియమం. "అన్నా, ఎర్రర్ అయితే రాలేదు, లెక్క మాత్రం ఎటో పోతోంది" అని ఎవరైనా వస్తే నేను మొదట చూసేది ఇన్‌పుట్ ఉన్న వరుసనే. గుణకారం బదులు కూడిక చేసి ఉంటే, సంఖ్యనూ స్ట్రింగ్‌నూ కలపడం కుదరదంటూ పైథాన్ టైప్ ఎర్రర్ ఇచ్చి అక్కడే ఆగేది. తప్పు జవాబిచ్చి నిశ్శబ్దంగా సాగిపోయే ప్రోగ్రాము కంటే ఎర్రరిచ్చి ఆగిపోయే ప్రోగ్రాము ఎంతో నయం. మార్గం సులువైనదే, వచ్చిన స్ట్రింగ్‌ను వెంటనే ఇంట్ చేత సంఖ్యగా మార్పించుకోవాలి.

కప్పులు = ఇంట్(ఇన్‌పుట్("ఎన్ని కప్పులు? "))

ఎవరైనా మూడు అని అక్షరాల్లో కొడితే ఇది వాల్యూ ఎర్రర్ ఇస్తుంది. 3.5 అని కొట్టినా ఇస్తుంది. తెలుగు అంకె ౩ కొడితే మాత్రం చక్కగా 3గా మారుస్తుంది. ఇది చాలామందికి తెలియదు. యూనికోడ్‌లో (భాషలన్నింటి అక్షరాలకూ ఒక్కో సంఖ్య ఇచ్చిన పట్టిక) దశాంశ అంకెలుగా నమోదైన వాటన్నింటినీ ఇంట్ గుర్తిస్తుంది కనుక "౨౫" కూడా దానికి 25 అవుతుంది. అయితే ఇది స్ట్రింగ్‌ను మార్చేటప్పుడే. ప్రోగ్రాములో ధర = ౨౫ అని నేరుగా రాస్తే సింటాక్స్ ఎర్రర్ వస్తుంది.

దశాంశాల గురించి వాణిజ్యశాస్త్రం చదివినవారికి ప్రత్యేకంగా చెప్పాలి. 0.1 + 0.2 అని అడిగితే పైథాన్ 0.30000000000000004 అంటుంది. ఇది పైథాన్ లోపం కాదు, దశాంశ సంఖ్యలను కంప్యూటరు ద్విసంఖ్యామానంలో దాచుకుంటుంది, అందులో 0.1ని కచ్చితంగా రాయడం కుదరదు. 1ని 3తో భాగించి దశాంశాల్లో పూర్తిగా రాయలేకపోవడం లాంటిదే ఇదీ. రౌండ్ ఫంక్షన్‌లో మరో మెలిక ఉంది. రౌండ్(2.5) అంటే 2, రౌండ్(3.5) అంటే 4. సరిగ్గా సగం ఉన్నప్పుడు దగ్గరి సరిసంఖ్య వైపు మొగ్గాలన్న పద్ధతిని అది పాటిస్తుంది, మన బడిలో నేర్పిన పద్ధతి అది కాదు. బిల్లులో జీఎస్టీ లెక్కవేసే ప్రోగ్రాములో ఈ రెండూ కలిస్తే పైసల తేడా వస్తుంది. ఆ తేడా ఎక్కడిదో పట్టుకోవడానికి ఒక పూట పడుతుంది. డబ్బును పైసల్లో పూర్ణాంకాలుగా ఉంచుకోవడమో, డెసిమల్ అనే మాడ్యూలు (అవసరమైనప్పుడు తెచ్చుకునే సిద్ధ ప్రోగ్రాముల కట్ట) వాడడమో మంచిది. పూర్ణాంకాలతో ఆ బెంగ లేదు, వాటికి పరిమాణ పరిమితి కూడా లేదు. 2 ** 100 (అంటే 2కు 100వ ఘాతం) అని అడిగి చూడండి, 1267650600228229401496703205376 అని చివరి అంకె దాకా కచ్చితంగా చెబుతుంది.

ఎర్రర్ అన్న మాట వచ్చింది కాబట్టి దాన్ని చదివే తీరు కూడా చెబుతాను. ఎర్ర అక్షరాలు కనిపించగానే చాలామంది వాటిని చదవకుండా ఫోటో తీసి వాట్సాప్ గుంపులో పెడతారు. ఆ సందేశాన్ని కింది నుంచి పైకి చదవాలి. అన్నింటికంటే కింది వరుసలో ఎర్రర్ రకమూ కారణమూ ఉంటాయి, దాని పైన ఏ ఫైలులో ఎన్నో వరుసలో జరిగిందో ఉంటుంది. నేమ్ ఎర్రర్ అంటే అలాంటి పేరు ఇంకా పుట్టలేదని. చాలాసార్లు అది అక్షరదోషమే అయి ఉంటుంది, 3.10 వెర్షన్ నుంచి పైథాన్ మీరు ఫలానా పేరు అనబోయారా అని కూడా అడుగుతుంది. సింటాక్స్ ఎర్రర్ ఒక్కటి కొంచెం గడుసుది, అది చూపించిన వరుసలో ఏ తప్పూ కనిపించకపోతే పై వరుసలో మూయని బ్రాకెట్ ఏదైనా ఉందేమో చూడాలి. వర్డ్ నుంచో, పీడీఎఫ్ నుంచో కాపీ చేసిన ప్రోగ్రాముల్లో నిటారు కొటేషన్ గుర్తుల స్థానంలో వంపు తిరిగిన కొటేషన్లు వచ్చి చేరతాయి, పైథాన్ వాటిని ఒప్పుకోదు. అందుకే చేత్తో టైపు చేసుకోమని పట్టుబడతాను.

పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే పోయేది మరొకటి, వరుసల ముందున్న ఖాళీ. తక్కిన భాషలు చాలావాటిలో ఆ ఖాళీ అందం కోసం. పైథాన్‌లో దానికే అర్థం ఉంది.

ఇఫ్ మొత్తం > 100:
    ప్రింట్("చిల్లర సిద్ధంగా ఉంచండి")
    ప్రింట్("లేదా యూపీఐ చేయండి")
ప్రింట్("మళ్లీ రండి")

మొత్తం వంద దాటితేనే లోపలికి జరిగిన రెండు వరుసలూ నడుస్తాయి, గోడకు ఆనుకుని ఉన్న చివరి వరుస ఎలాగూ నడుస్తుంది. ప్రతి మెట్టుకూ నాలుగు ఖాళీలు ఇవ్వడం ఆనవాయితీ. ఒకచోట ట్యాబ్, మరొకచోట స్పేస్‌బార్ కలిపి వాడితే కంటికి ఒకేలా కనిపించినా పైథాన్ గొడవపెడుతుంది. ఇఫ్ వరుస చివర కోలన్ మరిచిపోవడం మొదటి వారంలో అందరికీ జరిగేదే, దాని గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

ఇప్పుడు జాబితాలు. మన మెట్రో ఎర్ర లైను మియాపూర్‌లో మొదలై ఎల్.బి.నగర్ దాకా వెళుతుంది. దాని మొదటి నాలుగు స్టేషన్లు ఇవి.

స్టేషన్లు = ["మియాపూర్", "జేఎన్‌టీయూ కాలేజ్", "కేపీహెచ్‌బీ కాలనీ", "కూకట్‌పల్లి"]

స్టేషన్లు[0] అంటే మియాపూర్, స్టేషన్లు[3] అంటే కూకట్‌పల్లి. లెక్క సున్నా నుంచి ఎందుకు మొదలవుతుందని అందరూ అడుగుతారు. బ్రాకెట్లోని సంఖ్యను వరుస సంఖ్యగా కాకుండా మొదటి స్టేషన్ నుంచి ఎన్ని స్టాపుల దూరమో చెప్పే సంఖ్యగా చదివితే ఆ ప్రశ్నే ఉండదు. మియాపూర్ నుంచి మియాపూర్ సున్నా స్టాపులు, కూకట్‌పల్లి మూడు స్టాపులు. స్టేషన్లు[1:3] అంటే ఒకటి నుంచి మొదలై మూడు రాకముందే ఆగిపోయే ముక్క, అంటే జేఎన్‌టీయూ కాలేజ్, కేపీహెచ్‌బీ కాలనీ. ఆ ముక్కలో ఎన్ని ఉన్నాయో తెలియాలంటే 3 నుంచి 1 తీసేస్తే చాలు. చివరిది కావాలంటే -1 ఇవ్వాలి. రేంజ్(1, 5) కూడా ఇదే పద్ధతిలో 1, 2, 3, 4 దగ్గర ఆగుతుంది. జాబితాలో ఉన్నవాటిని ఒక్కొక్కటిగా అందుకోవడానికి ఫర్ ఉంది.

ఫర్ స్టేషన్ ఇన్ స్టేషన్లు:
    ప్రింట్(స్టేషన్)

ఇక్కడ స్టేషన్ అన్నది మనం పెట్టిన పేరే. లూపు తిరిగిన ప్రతిసారీ ఆ పేరు జాబితాలోని తరువాతి విలువకు తగులుకుంటుంది. వరుసలో సమానం గుర్తు కనిపించకపోయినా జరిగేది అదే పని. లూపు పూర్తయ్యాక కూడా ఆ పేరు చివరి విలువ అయిన కూకట్‌పల్లిని పట్టుకునే ఉంటుంది.

పేరుకూ విలువకూ ఉన్న సంబంధాన్ని గట్టిగా పరీక్షించేది జాబితాలే. ఈ నాలుగు వరుసలను నడపక ముందే జవాబు ఊహించమని నేను ప్రతివారినీ అడుగుతాను.

నా_జాబితా = ["పాలు", "చక్కెర"]
నీ_జాబితా = నా_జాబితా
నీ_జాబితా.అపెండ్("చాయ్ పత్తి")
ప్రింట్(నా_జాబితా)

నీ_జాబితాలో కదా చేర్చింది, నా_జాబితాలో రెండే ఉంటాయని ఎక్కువమంది అంటారు. నిజానికి మూడూ కనిపిస్తాయి. మన ఇళ్లలో ఒక పిల్లవాడికి ఇంట్లో పిలిచే పేరు బుజ్జి అయితే బడిలో రాయించిన పేరు వెంకట సాయి కుమార్ అయి ఉంటుంది. ఆదివారం బుజ్జికి క్షవరం చేయిస్తే, సోమవారం హాజరు పిలిచే టీచరుకు వెంకట సాయి కుమార్ పొట్టి జుట్టుతోనే కనిపిస్తాడు. పేర్లు రెండు, మనిషి ఒక్కడే. రెండో వరుసలో సమానం గుర్తు కొత్త జాబితాను తయారుచేయలేదు, ఉన్న జాబితాకే మరో పేరు తగిలించింది. అపెండ్ ఆ జాబితానే మార్చింది. విడిగా మరో జాబితా కావాలనుకుంటే నీ_జాబితా = నా_జాబితా.కాపీ() అని అడిగి తీసుకోవాలి.

అయితే సంఖ్యలతో ఇలా జరగదేమని వెంటనే సందేహం వస్తుంది. అ = 5, ఆ = అ, ఆ = 6 అని మూడు వరుసలు రాస్తే అ విలువ 5గానే ఉంటుంది కదా అని. ఉంటుంది. మూడో వరుస 5ను మార్చలేదు, ‘ఆ’ అన్న పేరును 5 నుంచి విప్పి 6కు కట్టింది. సమానం గుర్తు ఎప్పుడూ పేరును కదిలిస్తుంది, అపెండ్ వంటివి విలువను మారుస్తాయి. సంఖ్యలనూ స్ట్రింగులనూ లోపల మార్చే మార్గం పైథాన్‌లో అసలు లేదు, అందుకే వాటితో ఈ చిక్కు రాదు. జాబితాలనూ, తరువాత రాబోయే డిక్షనరీలనూ మార్చవచ్చు, అందుకే వాటితో వస్తుంది. మూడు వాక్యాల్లో చెప్పిన ఈ తేడా తెలియక, ఒక ఫంక్షన్‌కు ఇచ్చిన జాబితా తిరిగి వచ్చేసరికి ఎందుకు మారిపోయిందో అర్థంకాక తల పట్టుకున్న అనుభవజ్ఞులు గచ్చిబౌలి ఆఫీసుల్లో కూడా ఉన్నారు.

ఫంక్షన్ల విషయానికి వస్తే, రాసే తీరు సులువే.

డెఫ్ బిల్లు(ధర, కప్పులు):
    రిటర్న్ ధర * కప్పులు

బిల్లు(20, 3) అని పిలిచినప్పుడు ధర, కప్పులు అన్న పేర్లు ఆ ఫంక్షన్ లోపల మాత్రమే పుట్టి, 20కీ 3కీ తగులుకుని, పని పూర్తయ్యాక పోతాయి. బయట అదే పేరుతో మరో ధర ఉన్నా దాని జోలికి పోవు. తికమక అంతా రిటర్న్ దగ్గరే. రిటర్న్ బదులు ప్రింట్ రాసినా తెర మీద 60 కనిపిస్తుంది కదా, తేడా ఏమిటని అడుగుతారు. ప్రింట్ మనిషికి చూపించడానికి, రిటర్న్ ప్రోగ్రాముకు అందించడానికి. ప్రింట్ మాత్రమే ఉన్న ఫంక్షన్‌ను తీసుకుని బిల్లు(20, 3) + బిల్లు(15, 2) అని రాసి చూడండి. తెర మీద 60, 30 అచ్చయి, ఆ తరువాత టైప్ ఎర్రర్ వస్తుంది. రిటర్న్ లేని ఫంక్షన్ తిరిగి ఇచ్చేది నన్ అనే శూన్య విలువ. నన్‌కు నన్ కలపడం ఎవరికీ చేతకాదు.

పేర్ల గురించి ఇంకా ఒకటి మిగిలింది. ప్రింట్ కూడా ఒక పేరే. పైథాన్ 2లో అది కీవర్డు, పైథాన్ 3లో అది ఒక ఫంక్షన్‌కు తగులుకుని ఉన్న మామూలు పేరు. కాబట్టి ఫైలు మొదట్లో ఎడమవైపు ప్రింట్ అని తెలుగు అక్షరాల్లో, తరువాత సమానం గుర్తు, కుడివైపు ఇంగ్లీషు అక్షరాల్లో అసలు పేరును బ్రాకెట్లు లేకుండా రాస్తే, ఆ కింద నుంచి ప్రింట్("నమస్కారం") అని అచ్చ తెలుగు లిపిలోనే పిలవవచ్చు. ఇంట్, రౌండ్, రేంజ్ కూడా అంతే. ఇఫ్, ఫర్, డెఫ్ వంటివి భాషా నిర్మాణంలో భాగం కాబట్టి వాటికి మారుపేర్లు పెట్టలేం. ఈ స్వేచ్ఛకు రెండో వైపు కూడా ఉంది. మొత్తాన్ని దాచుకోవడానికి సమ్ అని, జాబితాకు లిస్ట్ అని ఇంగ్లీషులో పేరు పెట్టేవారు చాలామంది. అప్పుడు ఆ పేరు పైథాన్ ఇచ్చిన ఫంక్షన్‌ను వదిలి మన విలువకు తగులుకుంటుంది, పది వరుసల తరువాత అదే ఫంక్షన్‌ను పిలిస్తే పిలవదగినది కాదని ఎర్రర్ వస్తుంది. ఫైలు పేర్లకూ ఇది వర్తిస్తుంది. ర్యాండమ్ మాడ్యూలు గురించి నేర్చుకుంటూ ఆ అభ్యాసపు ఫైలుకు కూడా ర్యాండమ్ అనే పేరు పెడితే, ఇంపోర్ట్ అడిగినప్పుడు పైథాన్ తన మాడ్యూలును కాక మన ఫైలునే తెచ్చుకుంటుంది.

ఇరానీ హోటల్ బిల్లుకు సరిగ్గా అమరేది డిక్షనరీ.

ధరలు = {"చాయ్": 20, "ఉస్మానియా బిస్కట్": 5, "సమోసా": 10}

ధరలు["చాయ్"] అంటే 20. జాబితాలో స్థానాన్ని బట్టి వెతుకుతాం, ఇక్కడ పేరును బట్టి. లేని వస్తువు అడిగితే కీ ఎర్రర్ వస్తుంది, దాని బదులు సున్నా రావాలంటే ధరలు.గెట్("లుఖ్మీ", 0) అని అడగాలి. చేర్చిన వరుసలోనే వస్తువులు ఉంటాయన్న హామీ 3.7 వెర్షన్ నుంచి ఉంది. ఇంతవరకు చెప్పినవాటితోనే, వస్తువు పేరూ ఎన్ని కావాలో అడిగి, ధర వెతికి, మొత్తం కట్టే ప్రోగ్రాము రాయవచ్చు. నేను ఇచ్చే మొదటి పెద్ద అభ్యాసం అదే.

ఆ అభ్యాసాన్ని తెలుగులో చేసేవారికి ఒక వింత సమస్య ఎదురవుతుంది. వస్తువు పేరు సరిగానే టైపు చేస్తారు, తెర మీద రెండూ అచ్చం ఒకేలా కనిపిస్తాయి, అయినా డిక్షనరీలో లేదని వస్తుంది. పైథాన్ మన కంటికి కనిపించే అక్షరాలను చూడదు, యూనికోడ్ సంకేతాలను చూస్తుంది. "తెలుగు" అన్న మాట పొడవు ఎంతని లెన్ ఫంక్షన్‌ను అడిగితే 3 కాదు, 6 అంటుంది, ఎందుకంటే త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము అన్నీ వేర్వేరు సంకేతాలే. ఆ మాటనే "తెలుగు"[::-1] అని తిరగేస్తే మొదటనే దిక్కులేని కొమ్మొకటి మిగిలి, గుణింతాలన్నీ పక్క అక్షరాల మీదికి పోతాయి. పొల్లుతో ముగిసే మాటల దగ్గర మరింత గడుసుతనం ఉంది. కొన్ని తెలుగు కీబోర్డులు "హైదరాబాద్" అని కొట్టినప్పుడు చివరి పొల్లు తరువాత కంటికి కనిపించని ఒక సంకేతాన్ని చేరుస్తాయి. తరువాత వచ్చే హల్లు ఒత్తుగా మారకుండా ఆపడం దాని పని. అది ఉంటే ఆ మాట పొడవు 10, లేకపోతే 9, పైథాన్ దృష్టిలో అవి రెండు వేర్వేరు స్ట్రింగులు. ఉస్మానియా బిస్కట్ దొరకకపోవడానికి కారణం అదే. అటూ ఇటూ ఖాళీలను తీసేసే స్ట్రిప్ దీన్ని ముట్టుకోదు, ఎందుకంటే యూనికోడ్ లెక్కలో అది ఖాళీ కాదు. దాని సంఖ్య 8204, ఆ సంఖ్యను సీహెచ్ఆర్ అనే ఫంక్షన్‌కు ఇస్తే ఆ సంకేతం వస్తుంది, కాబట్టి పోల్చే ముందు ఇలా తుడిచివేయాలి.

వస్తువు = వస్తువు.రీప్లేస్(సీహెచ్ఆర్(8204), "")

డిక్షనరీలో మనం రాసుకున్న పేర్లకు కూడా ఇదే శుద్ధి చేయాలి. అలాగే ఈ సంకేతం వేరియబుల్ పేరులో ఉంటే పైథాన్ అసలు ఒప్పుకోదు. అంచేత ఇన్‌పుట్ ఫంక్షన్‌కు తెలుగులో మారుపేరు పెట్టబోయేవారు ఆ మాట మధ్యలో న పొల్లు తరువాత ఈ సంకేతం దూరిందేమో చూసుకోవాలి. దానికి అడుగు అని పేరు పెట్టుకుంటే ఆ తలనొప్పే ఉండదు.

బిల్లును ఫైలులో దాచుకునేటప్పుడు చివరి ఆటంకం వస్తుంది. విండోస్‌లో ఓపెన్ ఫంక్షన్‌కు ఫైలు పేరు, రాయడానికి తెరవమనే సంకేతం మాత్రమే ఇస్తే, చాలా కంప్యూటర్లలో అది తెలుగు అక్షరాలు లేని పాత ఎన్‌కోడింగ్‌ను ఎంచుకుంటుంది (ఎన్‌కోడింగ్ అంటే అక్షరాలను ఫైలులో దాచే పద్ధతి). మొదటి తెలుగు మాట రాయబోగానే యూనికోడ్ ఎన్‌కోడ్ ఎర్రర్ వచ్చి ఆగుతుంది. ఓపెన్ పిలిచేటప్పుడే ఎన్‌కోడింగ్="యూటీఎఫ్-8" అని (రెండు మాటలూ ఇంగ్లీషు అక్షరాల్లోనే) మూడో విషయంగా ఇస్తే సరిపోతుంది, ఆ ఫైలును తిరిగి చదివేటప్పుడూ అదే ఇవ్వాలి. ఫైలును సీఎస్‌వీగా దాచి ఎక్సెల్‌లో తెరవాలనుకునేవారు మాత్రం "యూటీఎఫ్-8-సిగ్" అని ఇవ్వాలి. అప్పుడు ఫైలు మొదట్లో ఒక చిన్న గుర్తు చేరుతుంది, ఎక్సెల్ దాన్ని చూసి ఉస్మానియా బిస్కట్‌ను తెలుగులోనే చూపిస్తుంది.